రెండోసారి చదవాల్సిన వాక్యం

కమిటీ పెద్దలారా, మీరే చేశారు. ముప్పైరెండు పేజీల ఆ చిన్న పుస్తకం మీరే అచ్చు వేయించారు, మీరే పంచారు, మూసి ఉన్న తలుపుల కింద నుంచి మీరే లోపలికి తోయించారు. ఎవరైనా అడిగితే "మేం రాసిందేముంది అందులో, అంతా వాళ్ళ గ్రంథంలోదే కదా" అంటున్నారు. సిగ్గు లేదా మీకు? ఇంకొకరి ఇంట్లో దూరి, వాళ్ళమ్మ వాళ్ళని తిట్టిన తిట్లన్నీ ఏరి, మూట కట్టి, వీధిలోకి వచ్చి ఆ ఇంటివాళ్ళ మీదే విసిరి, "ఇవి మా తిట్లు కావండీ, వాళ్ళమ్మవే" అనడానికి ఎంత గుండె కావాలి!

సరే, మీ సంగతి ఇంకా ఉంది. ముందు నా సంగతి. ఆ తిట్లు ఏరింది నేను. మూట కట్టింది నేను. మీరు విసిరారు, అంతే.

నన్ను ఎరగనివాళ్ళకి చెప్తున్నాను. నేను మన చర్చి సంఘం ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఏడో తరగతితో బడి మానేశాను. ప్రెస్సులోకి వచ్చిన ప్రతి కాగితం చదివి చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. సాయంత్రం నాలుగు రోడ్ల దగ్గర బల్ల ఎక్కి మాట్లాడతాను. మురుగు కాలవ గురించి, పనిగంటల గురించి, బడిలో కారే కప్పు గురించి. గొంతు పెద్దది కాబట్టి అందరూ నన్ను మైకు అంటారు. మా అక్క కూడా అదే ప్రెస్సులో బైండింగులో ఉంది. అచ్చయిన ఫారాలు పేజీలుగా మడుస్తుంది, కుడుతుంది. తనూ మైకు అనే పిలుస్తుంది. కాకపోతే తను పిలిస్తే ఇక ఆపమని అర్థం.

మీరు ఆ మూట విసిరింది యూదుల మీద. నాకు పాఠం చెప్పిన మాస్టారు యూదుడు. లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. మనవరాలి టైలరింగ్ షాపు వెనక గదిలో ఉంటారు. వాళ్ళవాళ్ళు ఇక్కడ పదకొండు ఇళ్ళు మిగిలారు. ఒక మేడ మీద గది ఉంది, అక్కడ కలుసుకుని వాళ్ళ గ్రంథం చదువుకుంటారు. రెండేళ్ళ కిందట మాస్టారు మా ప్రెస్సుకి వచ్చారు, ఆ గది గోడకి తగిలించే బోర్డు అచ్చు వేయించుకోవడానికి. నేను మాటల్లో "మీ పాత నిబంధన" అన్నాను.

"పాతది అని ఎవరు చెప్పారు నాయనా?" అన్నారు.

"కొత్తది ఉంది కదండీ."

"మీ ఇంట్లో ఉంది. మా ఇంట్లో ఒక్కటే ఉంది. ఒక్కటే ఉన్నదాన్ని పాతది అని ఎలా అంటాం?"

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి పాఠం చెప్పమన్నాను. అప్పటినుంచి ప్రతి మంగళవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మాస్టారే మా ప్రెస్సు వెనక కాగితాల గదిలోకి వచ్చేవారు. కాగితం రీముల మీద నేను, స్టూలు మీద ఆయన.

ఆ గదిలో నా తల తిరిగిపోయింది. చిన్నప్పటినుంచి విన్న సువార్తలు మళ్ళీ కొత్తగా విన్నాను. ఎక్కడ గీకినా కింద ఇంకో రాత. సిలువ మీద నుంచి వచ్చిన ఆ కేక ఉందే, నన్నెందుకు వదిలేశావు అని, అది వాళ్ళ కీర్తన ఒకదానికి మొదటి వరస. సిలువ కింద సైనికులు బట్టలకి చీట్లు వేసుకోవడం అదే కీర్తనలో. మన ప్రభువు గాడిద మీద ఊరేగింపు ఒక ప్రవక్త మాటల్లోంచి. గాడిద దగ్గర మాస్టారు తెగ నవ్వేవారు.

"మా కవులకి ఒక అలవాటుందిరా మైకూ. ఒకే సంగతి రెండుసార్లు చెప్తారు, మాట మార్చి. గాడిద మీద, గాడిదపిల్ల మీద అన్నాడు ప్రవక్త. ఒకటే జంతువు. మీ సువార్త రాసినవాళ్ళలో ఒకాయన రెండు గాడిదల్ని తోలుకొచ్చాడు. పాపం, రెండింటి మీదా ఎలా కూర్చోబెట్టాలనుకున్నాడో!"

నేను రీముల మీద పడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది.

ఒకరోజు అడిగాను, మీ మాటలు మావాళ్ళు ఇలా తీసుకుంటే మీకు కోపం లేదా అని.

"మా గిన్నె మీ వంటింట్లో కనిపిస్తే కోపం ఎందుకురా? వండుకోండి, తినండి. మొదట తీసుకెళ్ళినవాళ్ళు మా పిల్లలే. వాళ్ళకి ఆ కీర్తన కంఠతా వచ్చు. మొదటి వరస అంటే పాటంతా అన్నట్టే వాళ్ళకి. ఆ పాట ఏడుపుతో మొదలై పొగడ్తతో ముగుస్తుందని విన్నవాడికి తెలుసు, అన్నవాడికి తెలుసు. తర్వాత వచ్చినవాళ్ళకి పాట తెలియదు, తుంచిన ముక్క ఒక్కటే తెలుసు." స్టూలు మీంచి లేస్తూ అన్నారు. "గిన్నె ఉంచుకోండి. దాంతో మా నెత్తిన కొట్టకండి, అదొక్కటే."

నేను ఇదంతా ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నేను ఏం రాసుకున్నానో చెప్తాను. ప్రవక్తలు తమ జనాన్ని తిట్టిన చోట్లు మాస్టారు వరసగా చెప్పేవారు. గుడ్డివాళ్ళు, చెవిటివాళ్ళు, మెడలు వంగనివాళ్ళు. మన అపొస్తలుల ప్రసంగాల్లో అవే మాటలు ఎలా తిరిగొస్తాయో చూపించేవారు. ప్రతి తిట్టు తర్వాత "ఇప్పుడు కిందది రాసుకో" అనేవారు. కిందది అంటే ఓదార్పు. తిట్టిన నోటితోనే ప్రవక్త మళ్ళీ దగ్గరికి తీసుకునే మాట. తిట్టు కారంగా ఉంటుంది, బల్ల మీద పనికొస్తుంది. కిందది మెత్తగా ఉంటుంది. నేను తిట్టు పూర్తిగా రాసుకుని, కిందదానికి ఒక గీత గీసి వదిలేసేవాణ్ణి. ఆయనకి అప్పటికే కళ్ళు మసక. నా పెన్సిలు ఎప్పుడు ఆగుతోందో ఆయనకి కనపడేది కాదు.

ఆ నోటుబుక్కు కమిటీ కార్యదర్శి గారి కంట పడింది. ప్రూఫుల బల్ల మీద మరిచిపోయానని మీతో చెప్పాను. మరిచిపోలేదు. ఎవరైనా చూస్తారని పెట్టాను. చూశారు.

"ఏమయ్యా మైకూ, ఇదంతా నీ పనేనా? పండితులు చెయ్యాల్సిన పని కదయ్యా ఇది!"

పండితులు అన్నాడు. నన్ను. ఏడో తరగతి వాణ్ణి.

"పుస్తకం వేద్దాం. చిన్నది. వాళ్ళ గ్రంథమే వాళ్ళ మీద సాక్ష్యం చెప్పినట్టు. నువ్వు ఇంకేం రాయక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు."

నేను ఒక్క ప్రశ్న అడగలేదు. వరస మార్చలేదు, గీతలు పూరించలేదు. చివరి పేజీకి మంచి ముగింపు కావాలంటే, ఒక పెద్ద ప్రవక్త పుస్తకంలో ఆఖరి వాక్యం తీసి పెట్టాను. తిరగబడినవాళ్ళ శవాలు, చావని పురుగు, ఆరని నిప్పు. మన సువార్తలో నరకం గురించి వచ్చే పురుగూ నిప్పూ అక్కడివే. భలే ముగింపు అన్నాడు కార్యదర్శి. అట్ట మీద నా పేరు వెయ్యరా అని అడిగాను. సంఘం పేరు చాలులే అన్నాడు. అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు అనుకుంటే, ఆ రోజు నేను బాధపడింది దానికా అనిపిస్తుంది.

అదే నెలలో మాస్టారి పని మా ప్రెస్సుకి వచ్చింది.

పదకొండు ఇళ్ళలో వాళ్ళ పాత అక్షరాలు చదవగలిగినవాళ్ళు మాస్టారు తప్ప ఎవరూ లేరు. ఆయన కళ్ళు పోతున్నాయి. అందుకని ఏడాది పొడవునా ఆ గదిలో గట్టిగా చదివే భాగాలన్నీ మన భాషలోకి మార్చి, నాలుగేళ్ళు కూర్చుని చేత్తో రాశారు. అది అచ్చు వేయించాలి. ఆ పని సంఘం ప్రెస్సుకి ఇవ్వద్దని వాళ్ళలో గడియారాలు బాగుచేసే ఆయన గట్టిగా పోట్లాడాడట. "వాళ్ళ చేతికి మన పుస్తకం ఎందుకు మాస్టారూ?" అని. "అక్కడ మైకు ఉన్నాడు, నా శిష్యుడు, ఒక్క అక్షరం పోనివ్వడు" అని మాస్టారు పూచీ పడ్డారు. పూచీ. నా మీద.

ప్రూఫులు వచ్చినప్పుడు మాస్టారు కంటి ఆపరేషన్ చేయించుకుని పడుకుని ఉన్నారు. నేను రాత్రింబగళ్ళు కాదుగానీ పగలంతా కూర్చుని దిద్దాను. బాగా దిద్దాను. ఆ పెద్ద ప్రవక్త భాగం చివరికి వచ్చాను. శవాలు, పురుగు, నిప్పు. అయిపోయింది. కానీ దాని కింద, పైనున్న వాక్యమే మళ్ళీ ఉంది: నెల తర్వాత నెల, వారం తర్వాత వారం, ఒంట్లో ప్రాణమున్న ప్రతివాళ్ళూ వచ్చి నా ముందు మొక్కుతారు అని. ఒకసారి నిప్పుకి ముందు. ఒకసారి నిప్పు తర్వాత.

ప్రూఫులు దిద్దేవాడికి డబుల్ పడ్డ వరస కనిపిస్తే చెయ్యి ఆగదు. ఎర్ర సిరాతో కొట్టేస్తాం. చేతిరాత ప్రతి తీసి చూశాను, ఆ పాపం కూడా చెప్తాను. అందులోనూ రెండుసార్లే ఉంది. పాపం ముసలాయన, కళ్ళు కనపడక రెండుసార్లు రాసేశాడు అనుకున్నాను. కొట్టేశాను. పుస్తకంలో ఇంకో మూడు చోట్ల అలాగే ఉంది. ఒకచోట విలాపాల గ్రంథం చివర. ప్రతిచోటా భాగం కటువైన మాటతో ముగుస్తుంది, దాని కింద ముందు వాక్యం మళ్ళీ. నాలుగూ కొట్టేశాను.

ఒకసారి జరిగితే పొరపాటు. నాలుగు చోట్ల ఒకేలా ఉంటే అది పద్ధతి అని తెలియడానికి పండితుడు కానక్కర్లేదు. లెక్కల మాస్టారు చేతిరాతలో నాలుగేళ్ళ పనిలో నాకు ఇంకొక్క తప్పు దొరకలేదు. అయినా తెలియలేదు. రెండు వీధుల అవతలే ఉన్నారు, వెళ్ళి అడగచ్చు. అడగలేదు. కళ్ళకి కట్టు కట్టుకున్న మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని కాదు. నాకు తెలుసనుకున్నాను, అంతే. మధ్యాహ్నం అన్నం తింటూ అక్కతో గొప్పలు పోయాను: "మాస్టారి పుస్తకంలో నాలుగు డబుల్స్ పట్టానే! ఆయన పరువు నిలబెట్టాను."

"ఆయనకి చెప్పావా?" అంది అక్క.

"చూసి సంతోషిస్తార్లే."

ఒక గాడిదని రెండు చేసినవాణ్ణి చూసి పడీ పడీ నవ్వినవాణ్ణి. రెండుసార్లు అనాల్సిన మాటని ఒకటి చేసింది నేను.

పుస్తకం కుట్టారు, అట్టలు వేశారు, వాళ్ళకి ఇచ్చారు. మొదటిసారి చదివే రోజు మమ్మల్ని పిలిచారు, నన్నూ అక్కనీ. నెల మొదటి రోజు వాళ్ళ విశ్రాంతి దినం నాడు వస్తే ఆ పెద్ద ప్రవక్త ఆఖరి భాగం చదువుతారట. ఆ శనివారం అలా వచ్చింది. పొద్దున్నే వెళ్ళాం. చిన్న గది. ఒక గోడకి గ్రంథపు చుట్టలు పెట్టే చెక్క బీరువా, మూడు వరసల బెంచీలు, సందు వైపు ఒక కిటికీ. మేం ఆఖరి బెంచీ మీద కూర్చున్నాం. మాస్టారు నల్ల కళ్ళజోడుతో ముందు కూర్చున్నారు. మనవరాలు చదవడానికి నిలబడింది. రోజంతా కుట్టు మిషను మీద వంగే పిల్ల, నిటారుగా నిలబడింది. కొత్త పుస్తకం రెండు చేతులా పట్టుకుంది.

బాగా చదివింది. తల్లి బిడ్డని ఓదార్చినట్టు మిమ్మల్ని ఓదారుస్తాననే చోట ముందు వరసలో ఒక మామ్మ ముక్కు తుడుచుకుంది. వాళ్ళ భాషలో దశాబ్దాలు విన్నదే, అర్థమవుతూ వినడం అదే మొదలనుకుంటా. నాకు ఛాతీ పొంగింది. నా ప్రూఫు!

శవాలు. పురుగు. నిప్పు.

ఆగింది. పేజీ తిప్పింది. వెనక ఖాళీ.

"చదువమ్మా, ఇంకా ఉంది" అంది మామ్మ.

"లేదు మామ్మా. ఇక్కడితో అయిపోయింది."

"ఎలా అయిపోతుంది? నిప్పుతో ఎలా అయిపోతుంది? ముందుది మళ్ళీ చదవాలి. మా తాత చదివేవాడు, మా నాన్న చదివేవాడు. జనాన్ని శాపం మీద ఇంటికి పంపరమ్మా. మంచి మాట మళ్ళీ చెప్పి పంపుతారు."

నాలుగు ఎర్ర గీతలూ కళ్ళ ముందు కనిపించాయి.

మనవరాలు తడబడుతూ పైకి చూసి, ముందు వాక్యం మళ్ళీ చదవబోయింది. ఈలోపు గడియారాల ఆయన లేచాడు. కిటికీ గూట్లో ఉన్న చిన్న పుస్తకం తీశాడు. పొద్దున తలుపు తీసేసరికి గుమ్మంలో పడి ఉందట. మన ముప్పైరెండు పేజీలది. ఆఖరి పేజీ తెరిచి పట్టుకున్నాడు.

"చూడండి. వాళ్ళ పుస్తకం ఎక్కడ ఆగిందో చూడండి. అదే వాక్యం! వాళ్ళ పుస్తకంలో మనల్ని ఎక్కడ వదిలారో, మన పుస్తకంలోనూ అక్కడే వదిలారు. ఇంతకన్నా ఏం కావాలి మాస్టారూ? ఒద్దన్నానా, లేదా? వాళ్ళ చేతికివ్వద్దని మొత్తుకున్నానా, లేదా?"

గదిలో ఒకటే గోల. మాస్టారు చెయ్యెత్తారు.

"కోపం సరే. కానీ ఒక మాట. మా మైకు ఉండగా ఇది జరగదు. వాడికి తెలియకుండా పైవాళ్ళు ఎవరో చేసి ఉంటారు. వాడు ఇక్కడే ఉన్నాడు, అడగండి."

అందరూ వెనక్కి తిరిగారు.

చెప్పాల్సింది మూడే మాటలు. నేను, చేశాను, తెలియక. నాలుగు రోడ్ల దగ్గర బస్సుల హారన్ల మీంచి వినిపించే గొంతు నాది. ఆ చిన్న గదిలో పెగల్లేదు. తల అడ్డంగా ఊపాను. ఏమని ఊపానో నాకే తెలియదు. వాళ్ళు మాత్రం "నాకు తెలియదు" అని అనుకున్నారు. అనుకోనిచ్చాను. మాస్టారు మీ మీదకి తోసిన నేరాన్ని, కమిటీ పెద్దలారా, మీ మీదే ఉండనిచ్చాను. ఆ ఒక్క విషయంలో మీరు నిర్దోషులు. ఇదిగో, అచ్చులో చెప్తున్నాను.

అక్క నా వైపు చూడలేదు. మెట్లు దిగాక అంది: "మైకు పాడైందేమిట్రా?"

"అక్కా..."

"అన్నం తినేటప్పుడు బానే పనిచేసిందే!"

వీధి చివర నన్ను వదిలేసి ఇంకో దారిలో వెళ్ళిపోయింది.

మూడు రోజులు పట్టింది నాకు, రెండు వీధులు దాటడానికి. మంగళవారం మధ్యాహ్నం టైలరింగ్ షాపు గుమ్మంలో నిలబడ్డాను. మనవరాలు మిషను ఆపలేదు. తల ఎత్తకుండానే "లోపల ఉన్నారు" అంది.

మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టారు.

"రారా. ఈవేళ నేనే రాలేకపోయాను."

"మాస్టారూ, ఆ చిన్న పుస్తకం..."

"నీదేనని తెలుసు. శనివారం సాయంత్రం మా మనవరాలు చదివి వినిపించింది. మూడో పేజీకే తెలిసింది. ఆ వరస నాది. ఏ మంగళవారం ఏది చెప్పానో నాకు గుర్తుంది." చేత్తో మంచం పట్టె నిమిరారు. "నేను కిందది రాసుకో అన్నప్పుడల్లా నువ్వు ఏం చేసేవాడివిరా?"

"గీత గీసేవాణ్ణి."

"గీత." తల ఊపారు. "సరే. ఆ రెండోసారి వాక్యం కూడా నువ్వేనా?"

"నేనే. డబుల్ పడిందనుకున్నాను. మీకు కనపడక రాశారనుకున్నాను."

ఆయన నవ్వారు. గాడిద దగ్గర నవ్విన నవ్వు కాదది.

"పగ అనుకున్నాన్రా నేను. పగైతే మాకు అలవాటే, దానికి ఏం చెయ్యాలో మా తాతలు నేర్పారు. ఇది ఉత్త తొందరా! నాలుగేళ్ళు రాశాను. తొందర!"

మిషను ఆగింది. మనవరాలు గుమ్మంలోకి వచ్చింది.

"నవ్వకు తాతయ్యా. ఈయనకి సంగతి చెప్పు. చెప్పవా? నేను చెప్తాను. మావాళ్ళు ఆదివారం కూర్చున్నారు. ఇక తాతయ్య ఆ గదిలో చదివించద్దు, పాఠం చెప్పద్దు అన్నారు. మన పుస్తకం పరాయివాళ్ళ చేతికిచ్చి శాపంతో తెచ్చిన మనిషి అన్నారు. యాభై ఏళ్ళు కూర్చున్న చోట ఇంకో కుర్చీ వేశారు. అంతా విన్నారుగా? ఇక వెళ్ళండి."

నేను మంచం పక్కన కూర్చుని ఆయన కాళ్ళు పట్టుకున్నాను. క్షమించమన్నాను. మాస్టారు విసుక్కున్నారు.

"లే. అదంతా నాకెందుకు? ప్రవక్త మమ్మల్ని తిట్టాడు, నిజమే. తిట్టి ఎక్కడికి పోయాడు? ఎక్కడికీ పోలేదు. మాతోపాటే ఉన్నాడు, మాతోపాటే ఏడ్చాడు. అందుకే ఆ తిట్టు మాకు తిండి. మీ కమిటీ తిట్టి ఎక్కడికి పోతుంది? టీ తాగడానికి పోతుంది. నువ్వు ఎటువైపు ఉంటావో చూసుకో. నా కాళ్ళు వదులు. నువ్వు నోరు మూసుకున్నది నా ఇంట్లో కాదు."

బుధవారం మీ దగ్గరికి వచ్చాను. గుర్తుందా? కార్యదర్శి గారు కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడారు.

"నాలుగు వరసలేగా మైకూ? చిన్న స్లిప్పులు వేసి, అంటించి ఇద్దాం. పెద్ద గొడవ చెయ్యకు."

"మరి మన పుస్తకం?"

"దానికేం? అందరూ అడుగుతున్నారు. ఐదు వేల ప్రతులూ అయిపోవస్తున్నాయి. సోమవారం రెండో ముద్రణ మిషనెక్కుతుంది."

"అందులో ప్రతిచోటా సగం కోసేశాను నేను."

"అబద్ధం రాశావా ఎక్కడైనా?"

"లేదు."

"ఒక్క మాటైనా కల్పించావా?"

"లేదు."

"మరింకేంటయ్యా!"

అదే నా ఖర్మ. అబద్ధం రాసి ఉంటే కొట్టేసి దిద్దేవాణ్ణి, అది నా వృత్తి. ప్రతి మాటా నిజం. ఎక్కడ ఆపానో అదే దొంగతనం. దానికి ప్రూఫులో గుర్తు లేదు.

నిన్న శనివారం ఆ గదికి వెళ్ళాను. లోపలికి రానివ్వరనుకున్నాను. రానిచ్చారు. చదవడం అయ్యేదాకా వెనక నిలబడి, తర్వాత ముందుకెళ్ళి చెప్పాను. వరసలు కొట్టేసింది నేనని. చిన్న పుస్తకం ఏరింది నేనని. ఆ రోజు తల ఊపి మాస్టారితోనూ వాళ్ళందరితోనూ అబద్ధం ఆడానని. గొంతు పెద్దగా రాలేదు. మామ్మ "కాస్త గట్టిగా చెప్పు నాయనా, నాకు చెవుడు" అంది. మళ్ళీ చెప్పాల్సొచ్చింది, మొదటినుంచి, గట్టిగా. రెండోసారి చెప్పేటప్పుడు ఏడ్చాను.

గడియారాల ఆయన అంతా విన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మాస్టారు మోసం చెయ్యలేదని ఒప్పుకుంటాం. అది చెప్పడానికి వచ్చారు, సంతోషం. కానీ ఆయన పూచీ పడింది మీ ప్రెస్సుకి. ఆ ప్రెస్సులోంచి ఆ పుస్తకం మళ్ళీ వస్తోందని విన్నాం. మా పిల్లలు బడికెళ్ళే దారిలో అది పంచుతున్నారు. అది తిరుగుతుంటే, దాన్ని నేర్పిన మనిషిని ముందు కుర్చీలో ఎలా కూర్చోబెట్టమంటారు? మీరే చెప్పండి."

చెప్పలేకపోయాను. మాస్టారు ఆఖరి బెంచీ మీద, గోడవారగా కూర్చుని ఉన్నారు. ఆ ఇరుకు మూలకి ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఉంటారు.

కాబట్టి కమిటీ పెద్దలారా, ఆ జవాబు మీరే ఇవ్వాలి. మాస్టారిని ఆ మూల కూర్చోబెట్టింది మనం. లేపాల్సింది కూడా మనమే.

రేపు సోమవారం మిషను తిప్పకండి. తిప్పినా లాభం లేదు. మడవనని అక్క చెప్పేసింది, బైండింగులో మిగతా ఆడవాళ్ళూ ఆమెతో ఉన్నారు. నాతో ఇంకా మాట్లాడటం లేదుగానీ ఈ మాట మాత్రం మీకు చెప్పమంది. ఇప్పటిదాకా పంచినవి ఇంటింటికీ తిరిగి వెనక్కి తెండి. ఎవరికి ఇచ్చారో మీకు తెలుసు. మొహం చెల్లదంటారా? నాకూ చెల్లలేదు, వెళ్ళాను. మాస్టారి పుస్తకం మూడు వందల ప్రతులూ స్లిప్పులు అంటించకుండా మళ్ళీ మొదటినుంచి అచ్చు వేయండి. ప్రూఫు నేను ముట్టుకోను, మాస్టారి మనవరాలు చూస్తుంది. వచ్చే ఆదివారం మన గుళ్ళో, అందరూ ఉండగా, ఆ కీర్తన కేక దగ్గర ఆపకుండా చివరిదాకా చదవండి. పాస్టరు గారు కాదు, కార్యదర్శి గారూ, మీరే లేచి చదవాలి. చదివాక, ఈ మాటలు ఎవరి ఇంటివో, వాళ్ళని మనం ఏం చేశామో మీ నోటితో చెప్పాలి.

ఆ తర్వాత మెట్లెక్కి ఆ మేడ మీద గదికి వెళ్ళండి. స్లిప్పులూ పూలదండలూ పట్టుకెళ్ళకండి. వెనక్కి తెచ్చిన పుస్తకాలు ఎన్నో, ఇంకా రావాల్సినవి ఎన్నో గడియారాల ఆయనకి నిలబడి చెప్పండి. చెప్పి, మాస్టారిని ఆయన చోట కూర్చోబెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చే వారం మళ్ళీ వెళ్ళండి.